ఢంఢం మావయ్య సంగీతం క్లాసు

ఢంఢం మావయ్యకు సరిగమలు రావు. ఈ మాట ఆయనే చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. నూలు మిల్లు బ్యాండులో ఇరవై రెండేళ్ళు పెద్ద డ్రమ్ము మోశాడాయన. క్లారినెట్ల వాళ్ళు చదువుకున్న విద్వాంసులు, బాకాల వాళ్ళు బుగ్గలున్న విద్వాంసులు. మావయ్యనేమో డ్రమ్ము ఆనించుకోవడానికి సరిపడా పొట్ట ఉందని తీసుకున్నారు. చివరికి మిల్లు మూతపడింది, బ్యాండు చెదిరిపోయింది, పొట్ట మాత్రం మిగిలింది.

ఆయన చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణం పైన మేడగదిలో పసిపిల్లల బడి నడుపుతుంది. బుధ, శనివారాల్లో పొద్దున్నే రెండు మూడేళ్ళ పిల్లలకు సంగీతం క్లాసని బోర్డు పెట్టింది. నేర్పడానికొచ్చిన అమ్మాయి రెండో వారానికే చెవులు మూసుకుని పారిపోయింది.

"అన్నయ్యా, ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు ఇక్కడికొచ్చి పిల్లల్ని చూడరాదూ?" అంది చెల్లెలు.

"నాకేం వచ్చనే?"

"వాళ్ళకి మాత్రం ఏం వచ్చు?"

ఆ బుధవారమే ఆయన మేడ మెట్లెక్కాడు.

పిల్లలు పదకొండు మంది. వాళ్ళ ముందు చెక్కపుల్లలు, గింజలు పోసిన ఆట గిలకలు, మువ్వల పట్టీలు, అరచేయంత డప్పులు పెట్టాడు. సంగీతశాస్త్రం రాసిన పెద్దలెవరూ రాయని ఒక సత్యం ఆయనకు మొదటిరోజే తెలిసిపోయింది. ఈ వయసులో ఏ వాయిద్యాన్నయినా ముందు నోటితోనే వాయిస్తారు. డప్పును నాకుతారు, పుల్లను కొరుకుతారు. ఒకడైతే గిలక మూత ఊడబీకి, లోపలి గింజలు నమిలి సగం వాయిద్యం తినేశాడు. అప్పటినుంచి మావయ్య గిలకల మూతలు జిగురుతో అంటించి, రెండు చుట్లు టేపు కూడా వేస్తున్నాడు.

ఇక వాయించడమంటారా, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఎవరి గోల వారిది. తల ప్రాణం తోకకొచ్చిన మావయ్యకు అప్పుడు బ్యాండు మాస్టారు గుర్తొచ్చాడు. "కొట్టడం ఎవడికైనా వస్తుందిరా. ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాడికే పెద్ద డ్రమ్ము ఇస్తాను" అనేవాడాయన. మిగతావాళ్ళు పాట వాయిస్తుంటే మావయ్య లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడి, సరిగ్గా సమయానికి ఒక్కటిచ్చేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ముందుపడలేదు, ఒక్కసారి వెనకపడలేదు. బతుకులో ఆయన గొప్పగా చెప్పుకోదగింది అదొక్కటే. దాన్ని ఎవరూ గమనించలేదు.

సరే, వచ్చిందే నేర్పుదామనుకున్నాడు. అందరూ ఇష్టమొచ్చినట్టు బాదుతారు. మావయ్య పిడికిలి పైకెత్తగానే ఆపెయ్యాలి. ఆయన నాలుగుసార్లు తల ఊపుతాడు, పిల్లలూ ఊపుతారు. నాలుగోది కాగానే పిడికిలి దిగుతుంది, అందరూ కలిసి ఒక్కసారి ఢాం!

మొదటి నెల ఒక్కడూ ఆగలేదు. రెండో నెల సగం మంది ఆగారు. మూడో నెలకు కొట్టడంకన్నా ఆగడమే వాళ్ళకు ఇష్టమైపోయింది. ఊపిరి బిగబట్టి, కళ్ళు చక్రాల్లా చేసుకుని ఆయన పిడికిలికేసి చూసేవారు. ఒకరోజు కింది కళ్ళజోళ్ళాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమైందండీ? ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పిల్లలు బాగానే ఉన్నారా?"

ఈ ఘనత తల్లిదండ్రులకు ఎక్కలేదు. ఎదురువీధి కీబోర్డు క్లాసులో మూడేళ్ళవాడొకడు ఒంటివేలితో పాటంతా నొక్కేశాడట. ఆ కబురు విన్న ఒక తండ్రి, టై కట్టుకున్నాయన, నేరుగా మావయ్యనే పట్టుకున్నాడు.

"మూడు నెలల్లో మావాడు ఏం నేర్చుకున్నాడండీ?"

"ఊరుకోవడం."

"దానికి క్లాసెందుకండీ? ఇంట్లో నేనొక అరుపు అరిస్తే ఊరుకుంటాడు."

ఆ సాయంత్రం చెల్లెలు కూర్చోబెట్టి చెప్పింది. "శనివారం అందరూ చూడ్డానికొస్తున్నారు. పాటలాంటిదేదో వినిపించకపోతే పిల్లల్ని మాన్పిస్తామంటున్నారు. పిల్లలే లేకపోతే క్లాసెక్కడిది అన్నయ్యా, నేను మాత్రం ఏం చెయ్యను?"

మావయ్యకు భయం వేసింది. మిల్లు మూసినరోజు కూడా ఇంత భయం వెయ్యలేదు. బ్యాండులో ఆయన ముఖం ఎప్పుడూ డ్రమ్ము వెనకే ఉండేది. ఇక్కడ పదకొండు మంది తన ముఖమే చూస్తారు. ఆ రెండు పొద్దులకోసం ఆయన ప్రత్యేకంగా గడ్డం గీసుకుంటాడు. అవి పోతే వారంలో మిగిలేవి ఐదు ఆదివారాలు, రెండు అమావాస్యలు.

బుధవారం చెక్కపలకల జైలోఫోన్ తెచ్చి పాట నేర్పబోయాడు. తనకే రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాసేపు పలకల్ని తిట్టి, దాన్ని బీరువా మీదికి ఎక్కించాడు.

శనివారం గది కిటకిటలాడింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఫోన్లన్నీ పైకి లేచాయి. పిల్లలు బాదడం మొదలుపెట్టారు. కిటికీ అద్దాలు అదిరాయి, ఒక నాయనమ్మ చెవుల్లో వేళ్ళు దోపుకుంది. మావయ్య పిడికిలెత్తాడు.

ఠక్కున ఆగిపోయింది.

పెద్దవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేకపోయారు. ఒకామె అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేసింది. టై ఆయన, తన కొడుకు మరిచిపోయాడనుకుని ముందుకు వంగి, "కొట్టు నాన్నా, కొట్టు!" అని గుసగుసలాడాడు. కొడుకు మెల్లగా వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి, "ఉష్" అన్నాడు.

టై ఆయన నోరు మూసుకున్నాడు. గదంతా మూసుకుంది.

 మావయ్య పిల్లల్ని చూస్తూ ఉండిపోయాడు, తల ఊపడమే మరిచిపోయాడు. ఎన్ని లెక్కలయ్యాయో తెలియలేదు, పిడికిలి గాల్లోనే ఉండిపోయింది. ఎదురుగా పదకొండు చిన్న తలలు వాటంతటవే ఊగాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఢాం!

ఒక గిలక మాత్రం కాస్త ఆలస్యంగా మోగింది. మువ్వల పట్టీల పిల్ల మావయ్యను జాలిగా చూసి, "అయిపోయింది మావయ్యా, చెయ్యి దించు" అంది.

ఆ తరవాత ఇద్దరు పిల్లలు కీబోర్డు క్లాసుకు వెళ్ళారు. మిగతా తొమ్మిది మందీ ఉండిపోయారు. వాళ్ళలో టై ఆయన కొడుకూ ఉన్నాడు. ఆ శనివారం అందరూ మెట్లు దిగాక చెల్లెలు డప్పులు సర్దుతూ అంది.

"అన్నయ్యా, ఇవాళ నువ్వు వెనకపడ్డావు."

"పడ్డానే," అన్నాడు మావయ్య, చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుంటూ, "వాళ్ళు పడలేదు."