నంబరు మూసి చూడండి

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అంటారు. మొహం మీదే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. పదహారేళ్లుగా చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి, కాలరు నూలుపోగంత పక్కకి వాలినా ఎర్ర స్టిక్కరు అంటించడమే ఆమె పని. టైలర్లు నెత్తీ నోరూ కొట్టుకున్నా ససేమిరా అంటుంది. సందేహం వస్తే పక్కన పెట్టెయ్యడమే ఆమెకు తెలిసింది. ఆ కళ్లు ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగవు. మొగుడు ఊరికే నవ్వినా ఎందుకు నవ్వాడో ఆరా తీస్తుంది.

అలాంటి మనిషి ఆసుపత్రి మంచం దగ్గరికి డాక్టరమ్మ వచ్చింది. "ఐదు అండాలు తీశామమ్మా. నాలుగు పక్వానికి రాలేదు. ఒక్కటే మిగిలింది. అదీ అంత నాణ్యంగా లేదు" అని చెప్పి వెళ్లిపోయింది. భూతద్దానికి ముప్పై తొమ్మిదేళ్లు. బిడ్డ కోసం ఇది మూడో ప్రయత్నం. ఇదీ తప్పితే వేరే ఆవిడ అండం తీసుకోవాలట. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం అప్పటికే దిండు పక్కన ఉంది.

ఆమెకు బాధ కన్నా ముందు అనుమానం వచ్చింది. కాగితం అంత ముందుగా ఎలా తయారైంది?

"ఏమండీ, మీకు ముందే చెప్పారా?"

"నాకేం తెలుసు? నీతోపాటే విన్నా."

"వినగానే తలూపారుగా."

ఆయన దిండు సర్దబోయాడు. అది ఆమెకు అస్సలు నచ్చలేదు.

పొద్దున తనతోపాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్లు అండాలు తీయించుకోడానికి లోపలికి వెళ్లారు. అవి ఉంచిన గిన్నెలు తారుమారైతే? ఫ్యాక్టరీలో కట్టలు మారిపోవడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు? ట్యాగు మారిందంటే మంచి టైలరుకి చెడ్డపేరు వస్తుంది. అలాంటప్పుడు అక్కడ ఒక పద్ధతి ఉంది. నంబరు మీద టేపు అంటించి, ఎవరు కుట్టారో తెలియకుండా మళ్లీ చెక్ చేయిస్తారు.

సాయంత్రం ల్యాబు అమ్మాయిని పిలిపించేదాకా ఆమె పట్టు విడవలేదు.

"అందరివీ నంబర్లు మూసి నాకు చూపించండి. నేను చెకర్ని. ఏం చూడాలో చెప్తే చాలు."

ఆ అమ్మాయి విసుక్కోలేదు. డాక్టరమ్మని అడిగి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. పేర్లు లేని పన్నెండు ఫొటోలు. అండం గుండ్రంగా ఉండాలనీ, లోపల మచ్చలు ఉండకూడదనీ, అంచున చిన్న పూసలాంటిది కనిపిస్తే పక్వానికి వచ్చినట్టనీ చెప్పింది. చూపుకే అంతా తెలిసిపోదని కూడా అంది. ఆ చివరి మాట భూతద్దం వినిపించుకోలేదు.

ఇక చూడాలి ఆవిడ దర్జా. నొప్పీ గిప్పీ మర్చిపోయి, దిండుకి ఆనుకుని కూర్చుని, ఒక్కో ఫొటోనీ కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చూసింది. ఏడు ఉంచింది. ఐదు తీసేసింది.

"ఇప్పుడు చెప్పండి. నావేవి?"

"మీరు తీసేసిన ఐదూనండీ."

ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. సిగ్గేసింది. పదహారేళ్ల కన్ను ఒప్పుకున్నాక ఇంకెవర్ని అనుమానించాలో ఆమెకు తోచలేదు.

"ఈ చివరిదెందుకు తీసేశారు? పూస ఉందిగా" అంది ల్యాబు అమ్మాయి.

"ఉంది. కానీ ఒకవైపు నొక్కుకుపోయినట్టుంది. సందేహమొచ్చింది, పక్కన పెట్టేశా."

"మేం పెట్టలేదండీ. మధ్యాహ్నమే మీవారి వీర్యకణాన్ని దాంట్లోకి ఎక్కించాం. కలిసిందో లేదో రేపు పొద్దున తెలుస్తుంది."

భూతద్దం ఆ ఫొటోని మళ్లీ చూసింది. నొక్కు అలాగే ఉంది. అదే తన టేబుల్ మీదికి వచ్చుంటే ఈపాటికి చెత్తబుట్టలో ఉండేది. పొద్దున్నుంచీ దొంగల్ని చూసినట్టు చూసిన ఈ మనుషులే దాన్ని ఉంచారు. ఆమె చెయ్యి చాపి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నన్నడిగుంటే తీసేసేదాన్నండీ" అంది.