అంట్ల దేవసహాయం గారు

హోటల్ దుప్పట్లకి ఒక వాసన ఉంటుంది. ఎండ మొహం చూడని బట్టని వేడి ఇస్త్రీ కింద ఆరబెడితే వచ్చే వాసన, దాని వెనక కాస్త బ్లీచింగ్ ఘాటు. వియన్నాలో ఈ పెద్ద హోటల్ తొమ్మిదో అంతస్తులో తలుపు తీయగానే ఆ వాసన ముఖాన కొట్టింది. సూట్‌కేసు వదిలేసి గుమ్మంలోనే నిలబడిపోయాను. తలుపు పిడికి ఒక అట్ట వేలాడుతోంది. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు ఆకుపచ్చ. ఎరుపు కనపడేలా బయట తగిలిస్తే ఎవరూ లోపలికి రారు, ఆకుపచ్చ తిప్పితే వచ్చి గది సర్ది వెళతారు. మూడేళ్ల క్రితం ఇదే హోటల్లో, ఇలాంటి ఎరుపు అట్ట వెనక మా దేవసహాయం గారు చనిపోయారు. ఆయన పక్క గదే నాది.

మీకు ఆయన తెలియదు. కడియం నర్సరీల్లో మాత్రం ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు. అంట్ల దేవసహాయం అనేవారు. మామిడికైనా సపోటాకైనా ఆయన కట్టిన అంటు బతికి తీరుతుందని పేరు. పొట్టి మనిషి, తెల్ల పొట్టి చేతుల చొక్కా, ఆదివారం చర్చికి మాత్రం ఇస్త్రీ మడత నలగని పంచె. ఆ ఇంటి పేరు లాంటి ముద్దు పేరు పలికేటప్పుడు కొందరి పెదవి చివర ఒక చిన్న నవ్వు ఉండేది. అది ఎందుకో తెలుసుకోవడానికి నేను వియన్నా దాకా వెళ్లాల్సి వచ్చింది.

నేను హార్టికల్చర్ చదివి, మా నాన్న స్నేహితుడి నర్సరీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో నాకు తెలియనిది భూమ్మీద లేదనుకునేదాన్ని. దేవసహాయం గారు అక్కడ మేస్త్రి. నన్ను అమ్మాయి గారూ అని పిలిచేవారు. ఆయన చూపించినట్టే ఒక ముప్పై మామిడి మొక్కలకి నా చేతులతో అంట్లు కట్టాను. టెంక మొలిచిన మొక్కని ఏటవాలుగా చెక్కి, మంచి చెట్టు నుంచి కోసిన పుల్లని దానికి ఆనించి, గాలి దూరకుండా ప్లాస్టిక్ రిబ్బను చుట్టి ముడివేయడం. అంతవరకూ బాగానే ఉంది. కానీ నా ప్రాణం ఆగదే. రోజూ పొద్దున్నే వెళ్లి ఒకటో రెండో ముడులు విప్పి, అతుక్కుందా లేదా అని చూసి, మళ్లీ కట్టేసేదాన్ని. నెల తిరిగేసరికి ముప్పైకి ముప్పైయీ ఎండిపోయాయి. పుస్తకాల్లోని కారణాలన్నీ ఏకరువు పెట్టాను. తేమ అన్నాను, తెగులు అన్నాను. ఆయన ఒక్కొక్క ముడీ వేలితో తడిమి చూసి, ఏది మొదట వేసిన ముడో, ఏది విప్పి మళ్లీ కట్టిందో చెప్పేశారు. ఆ ఒక్కరోజే ఆయన నోట్లోంచి గారు జారిపోయింది.

“కట్టాక కదపకూడదమ్మా. నీకు చూడాలనిపించినప్పుడల్లా విప్పి చూస్తే అది చచ్చిపోద్ది. దాని పని దాన్ని చేసుకోనివ్వు.”

తర్వాత పదకొండేళ్లు ఆ మాట నన్ను మనిషిని చేసింది. మొక్కల విషయంలోనే కాదు. ఎవరైనా మౌనంగా ఉంటే తవ్వకుండా ఉండడం, మూసిన తలుపు వెనక ఎవరి బాధ వారిని పడనివ్వడం, అడగకుండా సాయానికి దూకకపోవడం, ఇవన్నీ ఆ మాటలోంచే నేర్చుకున్నాను. నాలో నెమ్మది వచ్చిందని మా అమ్మ సంబరపడిపోయేది. నేనూ నా గురించి నేను అలాగే అనుకునేదాన్ని.

వియన్నాలో మొక్కల ప్రదర్శన ఉందని, అక్కడ మామిడి అంటు ఎలా కడతారో చేసి చూపించేవాళ్లు కావాలని మా ఓనరు గారికి కబురొచ్చింది. చేసి చూపించడానికి దేవసహాయం గారు, ఇంగ్లీషులో చెప్పడానికి నేను. అరవై రెండేళ్ల వయసులో ఆయనకి అది మొదటి విమానం. అంటు కట్టే చాకుని తువ్వాల్లో చుట్టి పెట్టెలో అడుగున పెట్టారు. దార్లో వాడిన ప్రతి ప్లాస్టిక్ చెంచానీ తుడిచి జేబులో వేసుకున్నారు. హోటల్‌ చూసి మాత్రం ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయిందల్లా ఒక్కటే. మొదటి రోజు పొద్దున్న గది సర్దడానికి ఒకావిడ తోపుడుబండితో వచ్చింది. ఆయన వయసే ఉంటుంది, మోకాళ్లు పట్టేసినట్టు నడుస్తోంది. ఆవిడ వంగి తన పక్కమీది దుప్పటి లాగుతుంటే ఈయన చూడలేక రెండో కొస పట్టుకున్నారట. ఆవిడ బెదిరిపోయి చేతులు ఊపుతూ ఏదో చెప్పిందట. పైవాళ్లు చూస్తే తన ఉద్యోగం పోతుందని కాబోలు. ఆయన వెంటనే నా తలుపు కొట్టి, ఆ మనిషి లోపలికి రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగారు. అట్ట ఎరుపు వైపు తిప్పి తగిలించడం ఆయనకి నేనే నేర్పాను.

ఆ మర్నాడు టిఫిన్ల హాల్లో ఇంకో తమాషా. ఆయన తినడం అయిపోగానే పళ్లెం ఎత్తుకుని కుళాయి కోసం వెతకడం మొదలుపెట్టారు. తెల్ల కోటు వేసుకున్న కుర్రాడు పరుగున వచ్చి లాక్కోబోతే ఈయన వదలరు. చుట్టూ బల్లల దగ్గర వాళ్లంతా చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అలా చెయ్యకండి, పరువు పోతోంది, కూర్చోండి అని తెలుగులో గట్టిగానే అన్నాను. అన్నది నిజం, ఇప్పుడు దాచడం దేనికి. ఆయన పళ్లెం వదిలేసి వచ్చి కూర్చున్నారు. తన అరచేతుల్లోకి చూసుకున్నారు.

“ఏవనుకోకండి అమ్మాయి గారూ. నా ఎంగిలి ఇంకోళ్ల చేత తీయించలేనండి. మా అమ్మ మీ ఇంట్లో ఇరవై ఏళ్లు అంట్లు తోమింది.”

మా పెరట్లో నుయ్యి పక్కన బూడిదతో గిన్నెలు తోమే ముసలమ్మ ఒకావిడ లీలగా గుర్తుంది. మా నాయనమ్మ ఆవిడకి పైనుంచి, తగలకుండా కాఫీ పోసేది. ఆవిడ గ్లాసు వేరే, పెరటి గోడలో చెక్కిన గూట్లో ఉండేది. తోమిన గిన్నెల మీద మళ్లీ నీళ్లు చల్లి గానీ లోపలికి తెచ్చుకునేవాళ్లం కాదు. ఆవిడ పేరేమిటో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఆవిడ అంట్లు తోమింది, కొడుకు అంట్లు కట్టాడు. కడియంలో ఆ చిన్న నవ్వుకి అర్థం అది. పదకొండేళ్లు నా పక్కన కూర్చుని నాకు విద్య నేర్పిన మనిషి, నేను ఎవరింటి పిల్లనో మొదటి రోజు నుంచీ తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. నేను క్షమించండి అందామనుకున్నాను. అనలేదు. ఆయన మౌనాన్ని కదపకూడదనుకున్నాను. చూశారా, ఎంత నెమ్మదో నాది.

ఆ రోజు ప్రదర్శనలో ఆయన చాకు తీసి అంటు కడుతుంటే జనం గుమిగూడారు. నేను చెప్పే ఇంగ్లీషు ఎవరూ వినలేదు, అందరి కళ్లూ ఆయన బొటనవేలి మీదే. ముడి వేసి ఆయన చేతులు దూరంగా తీయగానే చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడి చాకు తుడుచుకున్నారు. సాయంత్రం తిరిగి వస్తుంటే ట్రాములో ఛాతీ పట్టేసినట్టుందన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, గ్యాసేనండి, ఈ రొట్టెలు పడలేదు అని కొట్టిపారేశారు. తన గది ముందు ఆగి, రేపు పొద్దున్న కాస్త పడుకుంటాను, మీరు వెళ్లిపోండి, నన్ను లేపకండి అన్నారు. సరేనన్నాను.

పొద్దున్న తొమ్మిదింటికి ఆయన తలుపు ముందు నిలబడ్డాను. ఎరుపు అట్ట వేలాడుతోంది. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాను కూడా. నిన్న అన్న మాటకి ఇంకా మొహం చెల్లక కొంత, కదపకూడదన్న పాఠం కొంత, ఆ చెయ్యి దించేసుకుని వెళ్లిపోయాను. లిఫ్టు దగ్గర ఆ సర్దే ఆవిడ తోపుడుబండితో ఎదురైంది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి అట్ట అలాగే ఉంది. ఫోను చేస్తే లోపల మోగుతోంది, ఎవరూ తీయలేదు. కింద కౌంటరులో గొడవపడితే మేనేజరు వచ్చి తలుపు తీశాడు. పక్క నీటుగా వేసి ఉంది. దుప్పటి మడత మీద మడత, తువ్వాలు ఆరేసి, కాఫీ కప్పు కడిగి బోర్లించి. ఆయన మంచానికీ బాత్రూముకీ మధ్య నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నట్టుగా ఉన్నారు. ఒక చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. గుండెపోటు వచ్చాక కొన్ని గంటలు బతికే ఉండి ఉంటారని, ముందే చూసి ఉంటే దక్కేవారేమోనని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఆ ‘ఏమో’ని నేను ఇప్పటికీ నములుతూనే ఉన్నాను. సర్దే ఆవిడ నడవాలో గోడకి చేరగిలబడి ఏడుస్తోంది. మేనేజరు ఆవిడ మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. పదింటికి లోపల ఏదో పడిన చప్పుడు విందట. అట్ట ఎర్రగా ఉంది కాబట్టి తలుపు ముట్టుకోలేదట. ముట్టుకోకూడదని వాళ్లకి రూలు. ఆవిడకి శ్రమ తప్పించడానికి ఆయన తగిలించిన అట్ట ఆవిడని గుమ్మం బయట ఆపేసింది. నాకు రూలు కూడా లేదు.

ఆయన శవపేటిక కడియం చేరడానికి పది రోజులు పట్టింది. చర్చి ముందు నర్సరీల వాళ్లంతా చేతుల్లో మొక్కలతో వచ్చారు, పూలదండలు తక్కువ. మట్టి వేశాక నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కరుణమ్మ గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను కింద కూర్చున్నారు. నేనూ దిగి కింద కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు నేనే కడిగి పెట్టాను. ఆ గ్లాసు కడగడం ఎవరి కోసమో నాకే తెలియదు. తలుపు దగ్గర దాకా వెళ్లానని, లేపొద్దన్నారని, చెయ్యి దించేసుకున్నానని అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని అన్నారు.

“నన్నూ లేపొద్దనే చెప్పేవారండి. నేనెప్పుడూ వినలేదు.”

అందులో నిష్ఠూరం లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. ఆవిడ అత్తగారి పేరు, అదే, మా ఇంట్లో అంట్లు తోమిన ఆవిడ పేరు ఏమిటని ఆ రోజు ఇంటికి వచ్చేముందు అడిగాను. సువార్తమ్మ అని చెప్పారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నేను చెప్తే మా నాన్న పేపరు చాటున మొహం పెట్టుకున్నారు.

ఇప్పుడు నేను చెడ్డ మేస్త్రిని. కట్టిన అంట్ల దగ్గరికి వెళ్లి, ఆగలేక, ఒకటో రెండో విప్పి చూస్తాను. అవి చచ్చిపోతాయి. చచ్చిపోనీ. మధ్యాహ్నం కునుకు తీసే మా నాన్నని భుజం తట్టి లేపి, ఏం లేదు పడుకోండి అంటాను. ఆయన విసుక్కుంటారు. ఆ విసుగు వింటే నా ప్రాణం కుదుటపడుతుంది. దేవసహాయం గారు నాకు నేర్పింది తప్పని కాదు. మొక్కకి అది నిజం. నాకు నిజంగా అవసరమైన రోజున, అది మొక్క కోసం చెప్పిన మాట అన్న సంగతి నేను మరిచిపోయాను.

ప్రదర్శనకని మళ్లీ వచ్చిన ఈ హోటల్లో, ఈ పొద్దున్న లేచి పక్క నేనే వేసుకున్నాను. తువ్వాలు ఆరేసి, కప్పు కడిగి బోర్లించాను. అట్ట ఆకుపచ్చ వైపు తిప్పి బయట తగిలించి, కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. పదింటికి తలుపు చప్పుడైంది. వచ్చింది ఆ పాత ఆవిడ కాదు, ఎవరో వయసు పిల్ల. గదంతా కలయజూసి, అన్నీ సర్దే ఉన్నాయి కదా, మరి ఎందుకు పిలిచారు అని ఇంగ్లీషులో అడిగింది.

తలుపు తీసి చూస్తారని, అన్నాను.