హ్యాండ్‌బ్యాగులో థర్మోస్టాట్‌తో ఖాజాగూడ దాకా

గురువారం సాయంత్రం ఖాజాగూడలో మా పాత కారు బానెట్ కింద నుంచి ఆవిర్లు కక్కింది. థర్మోస్టాట్ పోయిందని పక్క షెడ్డు మెకానిక్ చెబితే, కారుని అక్కడే వదిలొచ్చాం. యాభయ్యో ఏట నేను నడపడం నేర్చుకున్న కారు అది. అది ఉంటే ఎక్కడికైనా ఎవరినీ అడక్కుండా వెళ్లిపోతాను. స్టీరింగ్ ముట్టుకోని మా ఆయన మాత్రం తేల్చేశారు.

"రేపు సాయంత్రం ఏడున్నరకి కొనేవాడు వస్తాడు. ఈలోగా వేడెక్కకుండా ఇంటికి చేరిందా, ఉంచుకో. లేదా ఇచ్చేద్దాం."

శుక్రవారం ఒక పూట సెలవు పెట్టి, మా ఇంటి దగ్గర కూకట్‌పల్లిలో కొత్త థర్మోస్టాట్ కొని, ఒంటిగంట పదికి మెట్రో ఎక్కాను. ఈ దారిన వచ్చేవాళ్లు అమీర్‌పేటలో రాయదుర్గం బండికి మారాలి. సీటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. నాకు మాత్రం దొరికింది. పక్కనున్న ఐటీ అమ్మాయి నా చేతిలోని ఇత్తడి బిళ్లని చూసి అడిగింది.

"అదేంటి ఆంటీ?"

"ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని ఆపి, వేడెక్కగానే రేడియేటర్‌కి వదిలే తలుపమ్మా. మా కారులోది మూసుకుపోయి తెరుచుకోవడం లేదు."

"మా మేనేజర్‌కి కూడా ఒకటి పెట్టించాలి ఆంటీ" అంది. రాయదుర్గం వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

అక్కడి నుంచి ఆటోలో వెళ్లి రెండున్నరకి షెడ్డు చేరాను. మెకానిక్ యాదగిరి నా చేతిలోది చూసి మొహం చిట్లించాడు.

"గిదెందుకు కొన్నరు మేడం? పాతది పీకి పడేస్తే అయిపాయె. మన ఎండలకు వాల్వు ఎందుకు? అందరికీ గట్లనే తీసేస్త."

"తీసేస్తే ఇంజన్ సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగేస్తుందండి. కొత్తది పెట్టండి. ముందు రెండూ పరీక్షిద్దాం."

పరీక్షకి నేను తెచ్చింది ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరు! నలభై రెండు దాటితే దానికి లెక్కే తెలియదని వేడినీళ్లలో పెట్టాక గానీ నాకు తట్టలేదు. పాతది విప్పి ఇస్తూ యాదగిరి పగలబడి నవ్వాడు. పక్క టీకొట్టు లక్ష్మమ్మ గుడ్లు ఉడకబెట్టే గిన్నెలో నీళ్లు పోసి, రెండు వాల్వులనీ దారాలకి కట్టి వేలాడదీసింది.

"ఫికర్ జేయకు బిడ్డ. నీళ్లు ఎప్పుడు మసుల్తయో నాకు ఎరుకే" అంది.

అడుగున చిన్న బుడగలు లేచాయి. తెర్లడానికి ఇంకా సమయం ఉందనగా కొత్త వాల్వు మెల్లగా నోరు తెరిచింది. నీళ్లు తెర్లినా పాతది బిగుసుకునే ఉంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను.

"మంచిగున్నది మేడం" అని యాదగిరి ఒప్పుకున్నాడు. కొత్తది కూర్చోబెట్టి, రెండు బోల్టులు బిగించి, కూలెంట్ పోసి, లోపలి గాలంతా పోయేదాకా ఇంజన్ నడిపించాడు. కాసేపటికి రేడియేటర్ పై గొట్టం వేడెక్కింది, అంటే వాల్వు తెరుచుకుందన్నమాట. ఆ తర్వాత ఫ్యాన్ తిరిగింది.

ఐదున్నరకి మా ఆయన గచ్చిబౌలి ఆఫీసు నుంచి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. బయలుదేరగానే ఏసీ వేశాను.

"ఏసీ కూడానా?"

"పరీక్ష అంటే పరీక్షేనండి."

శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మైండ్‌స్పేస్ దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు. ఆయన రోడ్డు చూడలేదు, వేడి చూపించే ముల్లునే చూశారు. ముల్లు సగం దగ్గరే నిలబడింది. సైబర్ టవర్స్ దాటాక ఆయనే రేడియో పెట్టారు.

ఎంత హాయైన ప్రయాణమో! ఆ రద్దీలో హారన్లు కొట్టుకుంటున్న అందరి మీదా నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

ఏడుంబావుకే కొనేవాడు మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఆయన అద్దం దించారు.

"కారు మా ఆవిడదండి. అమ్ముతుందో లేదో ఆవిడ్నే అడగండి."

కారు కొన్న ఈ పదేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు.

"అమ్మనండి" అన్నాను. ఇంజన్ ఆపబుద్ధి కాక, ఆయన్ని అలాగే కూర్చోబెట్టుకుని కాలనీ చుట్టూ ఇంకో చుట్టు తిప్పాను.