చల్లపల్లి కోడలు

జర్మనీలో స్థిరపడ్డాక నేను ఎంత నాగరికుణ్ణయ్యానంటే, ఎదురింటాయన పేరు కూడా ఇంతవరకూ అడగలేదు. ఆమధ్య సెలవులకొచ్చి విజయవాడలో చల్లపల్లి బస్సెక్కితే, పక్క సీట్లో ఒక విదేశీ వనిత కూర్చుంది. పాపం, ఆమెకు ఇబ్బందెందుకని కిటికీకి అతుక్కుపోయాను.

పటమట దాటగానే ఆమే మొదలుపెట్టింది, శుభ్రమైన తెలుగులో.

“ఏ ఊరండీ మీది? పెళ్లయిందా?”

తనది హాంబర్గ్ అట, ఇప్పుడు చల్లపల్లి కోడలు. కాపురానికొచ్చిన కొత్తలో ఇవే ప్రశ్నలు తట్టుకోలేక గదిలో తలుపేసుకుని ఏడ్చేదట.

“నేను మీ జర్మనీలోనే ఉంటానండీ, ఒక్కణ్ణే. ఎవరూ డిస్టర్బ్ చెయ్యరు,” అన్నాను గర్వంగా.

“అయ్యో! జ్వరమొస్తే కాస్త చారన్నం ఎవరు పెడతారండీ?”

జర్మనీలో మందులు చాలా మంచివని ఆ జర్మనీ ఆవిడకే చెప్పాను. ఆమె వినిపించుకోలేదు.

పామర్రు వచ్చేలోపు వాళ్ల ఆడపడుచు కూతురి ఫోటో నా ఫోనులోకొచ్చింది.

అమ్మాయి బాగుంది.