ఖిదిర్‌పూర్ వెక్కిళ్ళ మంత్రం

ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో ఎవరికి వెక్కిళ్ళు వచ్చినా కాసులమ్మకు కబురు వెళ్తుంది. ఆమె బళ్ళో ఆయా. ఆమెకు మంత్రం వచ్చిన రోజు గురించి ముగ్గురు వేర్వేరుగా చెప్పారు, మూడూ సరిపోయాయి. సైన్సు చదివినదాన్నయినా నమ్మక తప్పలేదు.

అది ఎనభై ఆరో సంవత్సరం. కాసులమ్మకు పదకొండేళ్ళు. ఆమె మామ్మ జగ్గమ్మ ఊదిన నీళ్ళు తాగితే ఎలాంటి వెక్కిళ్ళయినా ఆగేవి. ఆదివారం హౌరాలో రైలెక్కి ఊరెళ్ళిపోయేలోగా ఆ మంత్రాన్ని ఒక్కరికే ఇచ్చేస్తానంది. పోటీలో కాసులమ్మ, ఆమె మేనత్త కొడుకు కామేష్. ఇద్దరికీ మంత్రం అరువిచ్చి, శనివారం పరీక్ష పెట్టింది. నియమం ఒక్కటే: సొరకాయ తినకూడదు. తింటే మంత్రం తిరగబడుతుంది.

కామేష్ అప్పటికే ఒక మేకకు వెక్కిళ్ళు ఆపేశాడు. కాసులమ్మకు మేక కూడా దొరకలేదు. శనివారం పొద్దున్న పక్కింటి బెంగాలీ మాషీ లావు-చింగ్రి వండింది. మన సొరకాయ రొయ్యల కూరే. కాసులమ్మ ఓ గిన్నెడు అడిగి తెచ్చింది.

"రొయ్యలు బావా, తిను."

"నువ్వెందుకే ఇస్తన్నావు? ఇసమేటి?"

"మంత్రం నీకే వస్తాది గదా. ఇప్పట్నుంచే మంచి సేసుకుంటన్నాను."

కామేష్ గిన్నె నాకేశాడు.

సాయంత్రం క్రేన్ నడిపే కూర్మయ్యకు వెక్కిళ్ళు పట్టుకున్నాయి. కామేష్ నీళ్ళు ఊదిచ్చాడు. కూర్మయ్యకు ఆగాయి, టీ కొట్టువాడికి మొదలయ్యాయి. అక్కణ్ణుంచి బస్సు కండక్టరుకి. అక్కణ్ణుంచి బస్సుకి. వీధి మొగలో పార్టీ మీటింగు జరుగుతోంది. నాయకుడు మైకులో "ఇంక్విలాబ్ హిక్!" అన్నాడు. జనం క్రమశిక్షణ గలవాళ్ళు, "హిక్ జిందాబాద్!" అన్నారు.

కాసులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. జగ్గమ్మకు కూడా వెక్కిళ్ళు వచ్చేదాకా.

"ఎవులు... హిక్... సొరకాయ తినిపించినారో, ఆల్లు పదిమందిలో సెప్పాల. తిన్నోడితో... హిక్... ఒక్క గ్లాసులో ఊదాల. లేపోతే ఆగదు."

చెప్తే మంత్రం పోయినట్టే. కాసులమ్మ కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. మామ్మ వెక్కినప్పుడల్లా కట్టుడు పళ్ళు బయటికొచ్చి లోపలికి వెళ్తున్నాయి. ఈసారి నవ్వు రాలేదు.

"నానే మామ్మా. పొద్దున్న కూరలో."

"అది సొరకాయా! ఒసే దొంగమొకమా!" అన్నాడు కామేష్.

"తిన్నప్పుడు తెలీనేదేటి?"

"రొయ్యలే సూసినాను!"

"ముందు... హిక్... ఊదండెహె!" అని క్వార్టర్సంతా అరిచింది.

ఇద్దరూ తలలు ఢీకొట్టుకుంటూ ఊదారు. బస్సు సాఫీగా కదిలింది.

"ఇది దొంగది. ఈడు తిండిపోతు. మంత్రం ఎవులికియ్యాలి?" అని జగ్గమ్మ రాత్రంతా గొణిగి, తెల్లారి మంత్రాన్ని చెరిసగం చేసి ఇచ్చి రైలెక్కింది.

మొన్న మా పాపకు వెక్కిళ్ళొచ్చాయి. నెలల పిల్లలకు అవి మామూలేనని తెలిసీ కబురు పెట్టాను. కాసులమ్మ, కామేష్ ఇద్దరూ వచ్చారు. ఎవరి సగం ముందో తగువు తేలకముందే వెక్కిళ్ళు ఆగి పాప నిద్రపోయింది. ఆ ఘనత ఎవరిదన్న తగువు ఇంకా నడుస్తోంది.