జానెడున్నర తక్కువైన యాంటెన్నా

1998 ఆగస్టులో నేను రాజమండ్రిలో నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఏఈ అంటారు, ఇంజనీర్లలో అట్టడుగు మెట్టు. వరదొస్తే గట్ల మీదికి ముందు పంపేది మమ్మల్నే. నాకు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉండేది. సొంత సెట్టు పెట్టుకుని, అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీల్లో తోటి లైసెన్సుదారులతో మాట్లాడుకోవచ్చు. ఈ సరదా సంగతి మా పై అధికారి ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి చెవిన పడడంతో, నది మధ్యలో టెలిఫోను లైను తెగిపోయిన ఒక లంక ఊరికి నన్ను వేశారు.

పని చిన్నదే. నది పెరుగుతోంది, పడవలు తక్కువ. సాయంత్రం నాలుగింటికల్లా ఏ ఊరికి ఏం కావాలో కబురు అందితే, నాలుగున్నరకి ఈఈ గారు పడవలు పంచేస్తారు. కబురు రాని ఊరికి మిగిలిందే గతి. రాజమండ్రిలో నా కబురు వినడానికి కాలేజీలో ఫిజిక్సు చెప్పే మూర్తి గారు సెట్టు ముందు కూర్చున్నారు. ఆయన కూడా లైసెన్సుదారే. పంపాల్సిన మాట ఆఫీసులోనే కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను: "నూట ఇరవై మంది. ఒక లాంచీ."

యాంటెన్నా పొడవు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. నూట నలభై మూడుని మెగాహెర్ట్జులతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. మా ఏడు మెగాహెర్ట్జులకి ఇరవై మీటర్ల పైచిలుకు. దాన్ని సగానికి కోసి, నడుమ కేబులు కలిపి, నడుమ భాగం ఎత్తుకి ఎక్కించి, రెండు కొసలూ ఇటూ అటూ వాలుగా కిందికి కట్టాలి.

తీగ మోటారు వైండింగు షాపులో కొన్నాను. మాది బట్టల కొట్టు కుటుంబం. బేరమాడకుండా అగ్గిపెట్టె కొన్నా ఆ పూట నాకు అన్నం సయించదు. చుట్టలో మిగిలిన ముక్క అని వంక పెట్టి ధర సగానికి తెగ్గొట్టాను. అంతటితో ఊరుకోక, షాపాయన కొలతలో కొట్టేస్తాడేమోనని మీటరు కర్ర లాక్కుని నేనే కొలిచాను. ఆయన అభ్యంతరం చెప్పకుండా, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

లంకలో కొబ్బరిచెట్టు ఎక్కి యాంటెన్నా కట్టింది వెంకన్న. కాయలు దింపడం అతని వృత్తి. "దింపడమే గానీ ఎక్కించడం ఇదే మొదలండి," అంటూ నడుమ భాగం మట్టలు మొలిచే మొవ్వు కింద బిగించాడు. కొసలు నేను తలెత్తున తాళ్లతో కట్టి, బ్యాటరీ తగిలించి, మీటరు చూశాను. పంపిన శక్తిలో ఎంత వెనక్కి కొడుతోందో ఆ మీటరు చెబుతుంది. సూది ఒకటిన్నర లోపల ఉంటే క్షేమం. మూడు దాటితే సెట్టులో ట్రాన్సిస్టరు కాలిపోతుంది. నాది మూడు దాటింది.

అప్పటికి మూడుంబావు. శక్తి బాగా తగ్గించి, ఫ్రీక్వెన్సీ కొంచెం పైకి జరిపి చూశాను. సూది దిగింది. పైకి జరిపితే దిగిందంటే తీగ పొట్టి అని అర్థం. టేపు పెడితే ఒక్కో వైపు జానెడున్నర తక్కువ. అప్పుడు వెలిగింది. పదేళ్ల వయసు నుంచి కొట్లో బట్ట కొలిచిన చెయ్యి నాది. కర్ర జరిపినప్పుడల్లా బొటనవేలు రెండు వేళ్ల మేర లోపలికి పెట్టి కొలత తగ్గించడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆ విద్యంతా ప్రదర్శించి, డబ్బిచ్చి మరీ నన్ను నేనే మోసం చేసుకున్నాను. షాపాయన ఎందుకు నోరు మెదుపుతాడు?

అదనపు తీగ అంగుళం లేదు. ఎదురింటి వాకిట్లో ఇనపతీగ దండెం కనబడింది. ఆ ఇల్లు సత్యవతమ్మ గారిది. అరవై దాటిన మనిషి, రెండు గేదెల మీద బతుకుతోంది. మీటరు ముక్క కోసుకుంటానని అడిగాను.

"ఇస్తే నాకేంటి?"

"ఊరికి లాంచీ వస్తుందండి."

"లాంచీలో నా గేదెలెక్కుతాయా?"

ఎక్కవన్నాను. మనుషులు ముందని, ప్రభుత్వ నిబంధన అని, ఇంకా నాకొచ్చిన బేరమంతా వాడాను. ఆవిడ దండెం మీది చీర తీసి తీరిగ్గా మడత పెట్టింది.

"అయితే లాంచీ మాకొద్దు బాబూ. గొడ్లనొదిలి ఇక్కడ ఒక్కరూ కదలరు. పంటు తెప్పించు, దండెం మొత్తం కోసుకుపో."

పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచింది. లారీలు, పశువులు దాని మీదే రేవు దాటుతాయి. అలాంటిది ఈఈ గారి చేతిలో ఒక్కటే ఉంది. వెంకన్న వైపు చూశాను. "ఆవిడ చెప్పింది నిజమేనండి. మా ఇంట్లోనూ మూడున్నాయి," అన్నాడు.

అడుగుతాను, ఇప్పించడం నా చేతిలో లేదన్నాను. "అడుగు చాలు," అని ఆవిడే దండెం కొస విప్పి చేతిలో పెట్టింది.

రాగితీగ కొసల పైపూత బ్లేడుతో గీకి, చెరోవైపు అర మీటరు ఇనపతీగ మెలిపెట్టి, ఎక్కువైనది వెనక్కి మడుస్తూ సర్దాను. సూది ఒకటిన్నరకి దిగేసరికి నాలుగుకి ఇంకా ఐదు నిమిషాలుంది. మూర్తి గారు మొదటి పిలుపుకే పలికారు. జేబులో కాగితం తియ్యలేదు. "నూట ఇరవై మంది, పశువులున్నాయి, పంటు కావాలి. లాంచీ వస్తే ఎవరూ ఎక్కరు," అని రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పంటు వచ్చింది. రెండు విడతల్లో ఊరంతా గొడ్లతో సహా గట్టెక్కింది. ఆ మధ్యాహ్నానికే లంక మీద మోకాటి లోతు నీళ్లు.

ఆ తర్వాత తీగని టేపుతోనే కొలిచాను, అర మీటరు ఎక్కువే ఉంచాను. అది ఏ పుస్తకంలోనైనా దొరికే పాఠం. దొరకనిది ఇంకొకటుంది. ఆ రోజు తీగ సరిపోయి ఉంటే మూడున్నరకే చక్కగా లాంచీ అడిగేసేవాణ్ణి, అదొచ్చి ఖాళీగా తిరిగెళ్లేది. అందుకే రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో సెట్టు పెట్టినా, పంపబోయే కబురుని ముందు ఆ ఊరివాళ్లకి చదివి వినిపించాను. చాలాసార్లు దిద్దారు.