చేదు కలిపిన నీళ్లు

ఒక వాక్యాన్ని నేను ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో సైతం దాన్ని దాటవేశాను. మా అక్కకు మందు అని చెప్పి నీళ్లిచ్చాను. అంతే ఆ వాక్యం. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. అంతకు మించిన ధైర్యం నాలో ఉందనుకోకండి.

నేను ప్రొద్దుటూరులో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఎవరేం చెప్పినా 'ఆధారమేమిటి?' అని అడగడం వృత్తి నాకు నేర్పిన అలవాటు. అది ఎప్పుడు గర్వంగా మారిందో నేను గమనించలేదు. అక్క జమ్మలమడుగులో టీచరు. ఆమెకు మల్టిపుల్ స్క్లీరోసిస్. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు అది. అసలు చికిత్స నడుస్తూనే ఉన్నా తీరని నీరసం ఆమెను కూలదోసేది. పాఠం సగంలోనే కుర్చీ వెతుక్కునేది.

పులివెందులలో ఆమెను చూసే డాక్టరు, ఆమె పట్టుబట్టి అడిగిన మీదట, నాల్‌ట్రెక్సోన్ అనే మందును అతి చిన్న మోతాదులో రాసిచ్చారు. తాగుడు మాన్పించడానికి వాడే మందది. ఈ జబ్బుకు దాన్ని వాడే అనుమతి లేదనీ, ఆధారాలు బలహీనమనీ, హాని తక్కువ కనుక ప్రయత్నించి చూద్దామనీ ఆయన దాచకుండా చెప్పారు. మందుల షాపతను చీటీ చూసి నవ్వాడు. "ఏంది సార్, ఇంట్లో ఎవురు తాగుతాండారు? మీ బావనా?" నేనూ నవ్వాను. ఆ మందును నేను నమ్మలేదన్న సంగతి ఆ నవ్వులోనే ఉంది.

అంత చిన్న మోతాదు బిళ్లలు మా షాపుల్లో దొరకవు. పెద్ద బిళ్లను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, కొలిచి తాగాలి. డాక్టరు చెప్పినట్టు కలిపి, గోధుమరంగు సీసాలో పోసి, ఆదివారం జమ్మలమడుగు వెళ్లినప్పుడల్లా ఇచ్చి వచ్చేవాణ్ణి. కొన్ని నెలలకు అక్క పాఠమంతా నిలబడి చెప్పసాగింది. మందు వల్లనా? నమ్మకం వల్లనా? లేక జబ్బు దానంతటదే కాస్త నెమ్మదించిందా? తెలియదు. తెలియకపోవడం నాకు ఎప్పుడూ సహించరానిదిగానే ఉండేది.

అప్పుడు అక్క చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఆరాధన మధ్యలో లేచి నిలబడి, దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం మా వాళ్లకు అలవాటు. "పరీక్ష చేయకుండా మా తమ్ముడు దేన్నీ నమ్మడు. వాడు చేత్తో కలిపిచ్చిన మందుతో దేవుడు నన్ను నిలబెట్టినాడు" అంది. జనం తలలు తిప్పి నన్ను చూశారు. ఆ వారమే ఎవరెవరో ఆమెకు ఫోన్లు చేసి మందు పేరు అడిగారు.

నేను పరీక్షించని దానికి నా పేరు హామీగా నిలిచింది. అది నన్ను కలవరపెట్టింది. ఆ కలవరం నిజంగా రోగుల కోసమా, నా పేరు కోసమా? ఆనాడు రోగుల కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. అక్కకు తెలియకుండా కొంతకాలం మందు ఆపి చూస్తే తేలిపోతుందనుకున్నాను. అడిగి ఉంటే ఒప్పుకునేదేమో. అడిగితే పరీక్ష చెడుతుందని అడగలేదు. మనిషి అనుమతి లేకుండా మనిషి మీద ప్రయోగం చేయకూడదని విద్యార్థులకు బోధించేవాణ్ణి నేను. ఆ మందు చేదుగా ఉంటుంది. అందుకని నేలవేము కషాయం చుక్కలు నీళ్లలో కలిపి, రుచి సరిపోయేదాకా నేనే నాలుక మీద వేసుకుని చూశాను. అంత శ్రద్ధగా మోసం చేశాను.

మరుసటి ఆదివారం అక్క అంది, "ఈ తూరి చేదు ఏందో వేరేగా ఉండాదబ్బీ."

"కంపెనీ మార్చినాలేక్కా."

"నువ్వు చూసి ఇచ్చినాక నాకేం భయం" అంటూ సీసా ఫ్రిజ్‌లో పెట్టింది.

మొదట్లో ఏ తేడా కనిపించలేదు. నేను గెలిచాననుకున్నాను. తర్వాత నీరసం తిరిగి వచ్చింది. పరీక్ష ఇంకొన్నాళ్లు సాగాలనుకున్నాను. ఒక ఉదయం మంచం దిగబోతే ఆమె కుడికాలు కదల్లేదు.

పులివెందులలో స్టెరాయిడ్ ఎక్కిస్తున్నప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. డాక్టరు అడిగారు, "ఆ చిన్న మోతాదు మందు వాడుతున్నారా, తల్లీ?"

"వాడుతాండా సార్. ఒక్క పొద్దు కూడా తప్పలే. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి."

ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను.

"అయితే అది మీకు పనిచేయడం లేదు. ఆపేద్దాం" అన్నారాయన.

ఒక్క మాట చాలేది. తప్పుడు సమాచారం మీద వైద్య నిర్ణయం జరుగుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచీ నాకు నేను ఎన్ని వాదాలు చెప్పుకున్నానో! ఈ జబ్బులో కాళ్లు పడిపోవడం మందు వాడుతున్నా జరుగుతుంది. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చలేం. ఆ మందు ఇచ్చి ఉంటే కాలు నిలిచేదని ఎవరూ చెప్పలేరు. ఇవన్నీ నిజాలే. నేను జీవితమంతా గౌరవించిన నిజాలే ఇప్పుడు నేను దాక్కునే గోడలయ్యాయి. ఆ కాలును నేను తీశానా, జబ్బు తీసిందా? ఇక ఏ పరీక్షా నాకు చెప్పదు.

అక్క ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. బడి మానేసింది. వీరపునాయునిపల్లె నుంచి ఇదే జబ్బున్న ఒకామె ఫోన్ చేస్తే, అక్క నా ఎదుటే చెప్పింది. "వద్దమ్మా. నేను శానా దినాలు తాగి చూసినా. పనిచేయదు." ఆ మాట నాది. ఆమె నోటితో నేను చెప్పించిన అబద్ధం. ఫోన్ లాక్కుని నిజం చెప్పవలసింది. చేతులు లేవలేదు. మళ్లీ మొదలుపెట్టి చూద్దామా అని అక్కను ఒకసారి అడిగాను. "తేలిపోయింది కదబ్బీ, ఇంగెందుకు?" అంది.

మొన్న చర్చిలో ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే సాక్ష్యం చెప్పింది. తన కోసం వారం వారం తిరిగిన తమ్ముడికి దేవుడు మేలు చేయాలంది. వెనక బల్ల మీద నేను కూర్చున్నాను. లేవడానికి నా కాళ్లలో ఏ జబ్బూ లేదు. లేవలేదు.

రేపు ఆదివారం. మళ్లీ జమ్మలమడుగు వెళతాను. చెబుతానని మీకు మాట ఇవ్వలేను. ఆమె క్షమిస్తుందన్న ఊహే ఆమె కోపం కంటే ఎక్కువగా నన్ను భయపెడుతోంది. కనీసం ఆనాడు డాక్టరు అడిగిన ప్రశ్నకు సరైన జవాబును ఇక్కడైనా రాయనివ్వండి.

వాడలేదు సార్. నేను వాడనివ్వలేదు.